గాలి ఎక్కేదాకా ఆగే మనిషి

హయత్‌నగర్ దాటాక, విజయవాడ రోడ్డు నుంచి మా వీధిలోకి తిరిగే మలుపులో ఒక వేపచెట్టు ఉంది. దాని కింద చాలా ఏళ్లు ఒక పది టైర్ల లారీ ఆగి ఉండేది. ఇప్పుడక్కడ కార్లు పెడుతున్నారు. ఆ లారీ నడిపిన పెద్దమనిషి పోయి ఏడాది కావస్తోంది. వీధిలో పెద్దవాళ్లకు ఆయన అన్న, పిల్లలకు డ్రైవరు తాత. పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. ఇక్కడా అలాగే ఉండనిద్దాం.

నల్లగొండ జిల్లా పల్లె నుంచి క్లీనరుగా బండెక్కి, తర్వాత డ్రైవరై, పాత బండి ఒకటి సొంతంగా కొనుక్కుని, సిమెంటు, బియ్యం, ఉప్పు, మామిడికాయ మోసిన మనిషి. దశదినకర్మ రోజు వచ్చినవాళ్లంతా 'కష్టజీవి' అన్నారు. నిజమే. కానీ ఆ కష్టం ఏమిటో, ఏ గంటకు ఏ బోల్టు పట్టుకుని చూసేవారో చెప్పకపోతే ఆ మాట గాల్లో తేలిపోతుంది. ఆయన కష్టంలో ఎక్కువ భాగం స్టీరింగు వెనక జరిగింది కాదు. బండి కదలకముందు, కదిలాక ఆపిన చోటల్లా, దాని చుట్టూ కాలినడకన తిరిగిన కష్టం అది.

తెల్లవారుజామున మూడున్నరకు లేచేవారు. ఇంజను స్టార్ట్ చేయకముందే ఆయిల్ పుల్ల తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూడాలి. ఇంజను తిరిగి ఆగిన వెంటనే చూస్తే ఆయిల్ ఇంకా పైన భాగాల్లోనే ఉంటుంది, పుల్ల తక్కువ చూపిస్తుంది, మనం ఎక్కువ పోసేస్తాం. అందుకే రాత్రంతా ఆగిన బండికి, చదునైన నేల మీద చూడాలి. పుల్లకు అంటిన ఆయిల్ నల్లగా ఉంటే భయం లేదు. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలుస్తున్నట్టే. హెడ్ గ్యాస్కెట్ (ఇంజను పైభాగం కింద ఉండే సీలు) పోయి ఉండొచ్చు, ఆ బండి ఆ రోజు కదలకూడదు. తర్వాత రేడియేటరు నీళ్లు. బోరు నీళ్లు ఎప్పుడూ పోయనిచ్చేవారు కాదు. మా వైపు బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఇంట్లో గిన్నెల అడుగున కట్టే తెల్లటి పొరే రేడియేటరు సన్నగొట్టాల్లోనూ కడుతుంది, ఎండాకాలంలో చిట్యాల దాటకముందే ముల్లు ఎర్రగీత దగ్గరికి పోతుంది. కూలెంటు కొనే రోజులు రాకముందు వానాకాలంలో డాబా మీది నీళ్లు వడగట్టి డబ్బాలకు పట్టి దాచేవారు. ఆ డబ్బాలు వదిన (ఆయన భార్య) ఇంటి వెనక ఇప్పటికీ ఉన్నాయి.

ఫ్యాను బెల్టును మధ్యలో బొటనవేలితో నొక్కి చూసేవారు. సుమారు సెంటీమీటరు, ఒకటిన్నర దాకా లోపలికి పోవాలి. అంతకన్నా వదులైతే జారి నీళ్ల పంపు సరిగా తిరగదు, బ్యాటరీ ఛార్జి కాదు. మరీ బిగువైతే ఆ పంపు బేరింగే అరిగిపోతుంది. రెండు 12 వోల్టుల బ్యాటరీలు కలిపి 24 వోల్టులు. వాటి టెర్మినళ్లకు పచ్చగా పేరుకునే పొడిని వేడినీళ్లతో కడిగి, ఆరాక గ్రీజు రాసేవారు.

ఇక గాలి. లారీ బ్రేకులు గాలితో పనిచేస్తాయి. ఇంజనుకున్న కంప్రెసరు ఆ గాలిని ట్యాంకుల్లో నింపుతుంది. గాల్లో తేమ ఉంటుంది కదా, అది ట్యాంకు అడుగున నీళ్లై దిగుతుంది. రోజూ ట్యాంకు కింద ఉన్న వాల్వు లాగి ఆ నీళ్లు వదిలేయాలి. వదలకపోతే గాలికి ఉండాల్సిన చోట నీళ్లుంటాయి, వాల్వులు తుప్పు పడతాయి, సరిగ్గా కావలసినప్పుడు బ్రేకు తొక్కితే సగమే అందుతుంది. బయటికి వచ్చే నీళ్లలో నల్లటి ఆయిల్ కనిపిస్తే కంప్రెసరు రింగులు అరిగాయని గుర్తు. స్టార్ట్ చేశాక గేజీలో ముల్లు ఆరు దాటి ఏడు దగ్గరికి వచ్చేదాకా బండి కదలకూడదు. చాలామంది యాక్సిలరేటరు తొక్కి గర్జింపజేసి రెండు మూడు నిమిషాల్లో నింపేస్తారు. ఆయన ఐడ్లింగ్‌లోనే వదిలేవారు. అది చాలాసేపు పడుతుంది. తెల్లవారుజామున మూడున్నరకు వీధిలో పసిపిల్లలు, ముసలివాళ్లు నిద్రపోతుంటారని ఆ ఆలస్యం ఆయన నెత్తిన వేసుకున్నారు. పొద్దుటి చల్లటి ఇంజను మీద ఒక్కసారిగా తొక్కితే ఆయిల్ ఇంకా పైకెక్కని బేరింగులు అరుగుతాయి కూడా. వీధి నిద్రకు మంచిదైనదే ఇంజనుకూ మంచిదైంది.

ఆ సమయం ఖాళీగా పోయేది కాదు. టార్చి నోట్లో పెట్టుకుని, చేతిలో ఇనుప రాడ్డుతో ఎడమవైపు నుంచి మొదలుపెట్టి బండి చుట్టూ తిరిగేవారు. ప్రతి టైరు మీదా ఒక దెబ్బ. గాలి నిండుగా ఉన్న టైరు 'ఠంగ్' మంటుంది, రాడ్డు వెనక్కి ఎగురుతుంది. గాలి తగ్గినది 'బద్' మని చప్పుడు మింగేస్తుంది. వెనక జంట టైర్లలో లోపలిది అసలు ప్రమాదకారి. దానిలో గాలి పోయినా బయటిది బండిని నిలబెడుతుంది గనుక కంటికి ఏమీ తెలియదు. కానీ రెండు మోయాల్సిన బరువు ఒక్కటే మోస్తూ వేడెక్కి, ఎక్కడో పంతంగి టోల్ దగ్గరో కొర్లపహాడ్ దగ్గరో పేలుతుంది. గాలి పోయిన లోపలి టైరు కూడా రాసుకుని రాసుకుని మంటలంటుకున్న బండ్లున్నాయి. అందుకే రాడ్డు లోపలి టైరుకు అందేలా పొడుగ్గా చేయించుకున్నారు. జంట టైర్ల మధ్య ఇరుక్కున్న రాయిని కూడా అప్పుడే తీసేసేవారు. ఆ రాయి రెండు టైర్ల పక్కల్నీ కోస్తుంది, వేగంలో ఊడితే వెనక వచ్చే బైకువాడి ముఖానికి తగులుతుంది.

గాలి కొలవడం ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నప్పుడే. బరువు మోసే బండికి 110 నుంచి 120 పౌండ్ల దాకా పడుతుంది. ఎండలో వంద కిలోమీటర్లు నడిచాక కొలిస్తే వేడికి ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేసే కుర్రవాళ్లను ఆయన గట్టిగా ఆపేవారు: "వేడి మీద గాలి తియ్యకు బిడ్డా, సల్లవడ్డంక సూడు." తీసేస్తే చల్లబడ్డాక ఉండాల్సినదానికన్నా తగ్గిపోతుంది, పక్కలు మడిచి మడిచి ఇంకా వేడెక్కుతుంది. రీట్రేడ్ చేసిన (అరిగాక పైన కొత్త రబ్బరు వేయించిన) టైర్లు వెనకకే, ముందుకు ఎన్నడూ కాదు. వెనక ఒకటి పేలినా పక్కది పట్టుకుంటుంది. ముందు టైరు పేలితే స్టీరింగు చేతిలోంచి లాక్కుంటుంది.

టైరు విప్పి ఎక్కించే పనిలో మనుషులు పోతారు. ఇది చెప్పకుండా ఈ రాత ముగించలేం. ట్యూబు టైర్ల రిమ్ముకు ఒక లాక్ రింగ్ ఉంటుంది. టైరును రిమ్ము మీద పట్టి ఉంచేది అదే. తుప్పు పట్టిన, వంకర పోయిన రింగు గాడిలో సరిగా కూర్చోకుండా గాలి ఎక్కిస్తే ఆ ఒత్తిడికి ఎగిరి ఎదుట ఉన్న మనిషి తలకో ఛాతీకో తగులుతుంది. ఆయన పద్ధతి ఇది: గాడిని తీగబ్రష్షుతో గీకి శుభ్రం చేయడం, రింగు చుట్టూతా కూర్చుందా లేదా అని సుత్తితో నెమ్మదిగా తట్టి చూడటం, టైరును నేల మీద రింగు కిందికి వచ్చేలా బోర్లించడం లేదా రిమ్ము రంధ్రాల గుండా ఇనుప గొలుసు చుట్టడం, కొంచెం గాలి ఎక్కించి ఆపి మళ్లీ చూడటం, ఆ తర్వాతే పూర్తిగా నింపడం. గాలి ఎక్కుతున్నంతసేపు ఎవరూ రింగుకు ఎదురుగా నిలబడకూడదు, దాని మీద వంగకూడదు, సుత్తితో కొట్టకూడదు. పంక్చరు షాపులో తొందరపెట్టే పిల్లవాడిని పక్కకు జరిపి ఆయనే గొలుసు చుట్టేవారు.

చక్రం బిగించాక నట్లు వరుసగా కాక ఎదురెదురుగా బిగించాలి. వరుసగా బిగిస్తే రిమ్ము ఒక పక్కకు కూర్చుంటుంది. బిగించి యాభై నుంచి వంద కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఆపి పానా పెట్టాలి. రంగు, తుప్పు, మట్టి నలిగి రిమ్ము కాస్త సర్దుకుంటుంది, నట్టు అరచుట్టు వదులవుతుంది. వదులు నట్టు పక్కన సన్నటి తుప్పు గీత కారుతుంది, అది చూసి కనిపెట్టేవారు. అన్నింటికన్నా ఈ రెండోసారి బిగించే పనినే డ్రైవర్లు ఎక్కువ మరిచిపోతారు.

కమాన్ కట్టలను, అంటే బరువు మోసే స్ప్రింగు పట్టీలను, ఇరుసుకు పట్టి ఉంచే యు-బోల్టుల సంగతి కూడా ఇలాంటిదే. అవి వదులైతే పట్టీల మధ్య ఉండే సెంటర్ బోల్టు తెగుతుంది, ఇరుసు పక్కకు జరుగుతుంది, బండి ఎండ్రకాయలా అడ్డంగా నడుస్తుంది. వెనక నుంచి చూసేవాళ్లకు తెలుస్తుంది గానీ క్యాబిన్‌లో కూర్చున్నవాడికి స్టీరింగు ఒక పక్కకు లాగుతున్నట్టు మాత్రమే అనిపిస్తుంది.

బరువు ఎక్కించే చోట ఆయన మాట హమాలీలు కూడా వినేవారు. మట్టపల్లి, మేళ్లచెరువు వైపు ఫ్యాక్టరీల్లో సిమెంటు ఎక్కించినా, మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం ఎక్కించినా ముందు నేల చూసేవారు. బాడీ అడుగున లేచిన మేకుంటే ఒక బస్తా చిరిగి దాని పైవన్నీ కుంగుతాయి. తడి ఉంటే సిమెంటు అడుగు వరస గడ్డకడుతుంది. అందుకే వరిగడ్డి పరిచి, దాని మీద పాత పట్టా. బస్తాలు గోడ కట్టినట్టు పేర్చాలి: కింది వరసలో రెండు బస్తాల అతుకు మీద పై వరస బస్తా మధ్యభాగం రావాలి. అతుకు మీద అతుకు వస్తే మలుపులో నిలువునా చీలుతుంది. మొత్తం బరువు మధ్యభాగం వెనక జంట ఇరుసులకు కాస్త ముందుగా పడాలి. మరీ వెనక్కి పోతే ముందు చక్రాలు తేలికై స్టీరింగు గాల్లో తిప్పినట్టుంటుంది, వానలో బండి మాట వినదు. మరీ ముందుకు వస్తే స్టీరింగు బరువెక్కి ముందు టైర్లు అరిగిపోతాయి.

పది టైర్ల బండికి బండి బరువుతో కలిపి పరిమితి చాలాకాలం 25 టన్నులు. బండే తొమ్మిది టన్నుల దాకా ఉంటుంది కాబట్టి మిగిలింది 16 టన్నులు, అంటే 50 కిలోల బస్తాలు 320. 2018లో ఆ పరిమితిని 28.5 టన్నులకు పెంచారు. చుట్టుపక్కల యజమానులు సంబరపడ్డారు. ఆయన మాత్రం తన పాత బండికి 320 దాటనివ్వలేదు. కాగితం మీద అంకె మారితే పాత కమాన్లకు, పాత బ్రేకు డ్రమ్ములకు బలం రాదు కదా. ఈ విషయంలో ఆయనదే సరైన లెక్క. కాటా వేయించకుండా ఏ ఫ్యాక్టరీ గేటూ దాటేవారు కాదు. ఇసుక లోడుకైతే మరీ జాగ్రత్త. తడి ఇసుక చూడ్డానికి అంతే ఉంటుంది, తూకానికి వేరు.

ఉప్పు మోసిన రోజు వేరే పని ఉండేది. చినగంజాం ఉప్పు దించిన బండిని అదే రోజు కడగాలి, పైన కాదు, కింద. ఛాసిస్, బ్రేకు పైపులు, బ్యాటరీ పెట్టె. ఉప్పు నీళ్లు అక్కడ నిలిచి లోపలి నుంచి తినేస్తాయి. ఉప్పు కిరాయి బాగుందని మోసి, కడగడానికి బద్ధకించి, రెండేళ్లలో క్రాస్ మెంబర్లు (ఛాసిస్ అడ్డకమ్మీలు) మార్చుకున్న బండ్లు ఆటోనగర్‌లో ఎన్నో కనిపిస్తాయి. మామిడికాయకు ఇంకో తీరు. గడ్డిఅన్నారం మార్కెట్ బాటసింగారానికి తరలాక మాకు దగ్గరైంది. కాయ లోడుకు పట్టా పూర్తిగా మూయకూడదు. కాయల్లోంచి వచ్చే వేడి బయటికి పోవాలి, లేకపోతే అడుగు వరస మగ్గిపోతుంది.

పట్టా కప్పడంలో ఆయన పనితనం చూడటానికి కుర్ర క్లీనర్లు నిలబడేవారు. రెండు పట్టాలుంటే ముందు వెనకది పరచాలి, తర్వాత ముందుది, దాని అంచు వెనకదాని మీద రెండు మూడు అడుగులు పడేలా. ఇంటి పెంకులకు ఉన్న నియమమే. ఎదురుగాలి, వాన పైనుంచి జారిపోతాయి. తిరగేసి కప్పితే గాలి ఆ అతుకులోకి దూరి పట్టాను గొడుగులా లేపి చింపేస్తుంది. తాడు ముడి చెప్తాను. తాడు ఒక కొన కొక్కేనికి కట్టి, లోడు మీదుగా అవతలికి విసిరి, దిగిన తాడు మధ్యలో ఒక మెలిక ఉచ్చు వేసి, కింద మిగిలిన తాడును కొక్కెం కింది నుంచి తెచ్చి ఆ ఉచ్చులోంచి దూర్చి కిందికి లాగాలి. ఉచ్చు గిలకలా పనిచేస్తుంది. మామూలుగా లాగినదానికన్నా ఎక్కువ బిగువు వస్తుంది. విప్పేటప్పుడు కొన లాగితే ఒక్క క్షణంలో ఊడుతుంది. ఎంత బిగించినా ముప్పై, నలభై కిలోమీటర్లకు బస్తాలు కుంగి తాడు వదులవుతుంది. అక్కడ ఆపి మళ్లీ లాగాలి. నైలాను తాడు బరువుకు సాగుతుంది కూడా. కోదాడ వైపు నుంచి వస్తే సూర్యాపేట రాకముందే ఆయన బండి రోడ్డు పక్కన ఒకసారి ఆగేది. టీ కోసం అనుకునేవాళ్లు, కాదు.

అలా ఆగినప్పుడల్లా అరచేయి ప్రతి చక్రం హబ్బు దగ్గరికి పోయేది. ముందు తాకకుండా దగ్గరికి తెచ్చి, తర్వాత తాకి. అన్నీ ఒకే వేడిగా ఉంటే మంచిదే. ఒకటి మాత్రం చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉంటుంది లేదా బేరింగులో గ్రీజు ఎండిపోయి ఉంటుంది. కాలిన లైనింగ్ వాసన వస్తే బ్రేకు, కాలిన గ్రీజు వాసన వస్తే బేరింగు.

ఘాట్‌లో ఆయన పాటించిన సూత్రం పాత డ్రైవర్లందరిదీ: ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. నాగ్‌పూర్ వైపు లోడు పడ్డప్పుడు నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ దిగాల్సి వచ్చేది. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేవాళ్లు ఉంటారు. మిగలదు. గేరులో ఉండి యాక్సిలరేటరు మీద కాలు తీస్తే పంపు డీజిల్‌ను దాదాపు ఆపేస్తుంది, చక్రాలే ఇంజనును తిప్పుతాయి. న్యూట్రల్‌లో ఐడ్లింగ్‌కు డీజిల్ పోస్తూనే ఉండాలి. పైగా ఇంజను పట్టు లేని బండిని మొత్తం బ్రేకుల మీదే ఆపాలి. డ్రమ్ములు కాలి, లైనింగ్ నున్నబడి, తొక్కినా జారిపోతుంది. ఇంజనే ఆపేసి దిగితే ఇంకా ఘోరం. కంప్రెసరు ఆగుతుంది, నాలుగైదు సార్లు తొక్కేసరికి గాలి అయిపోతుంది, పవర్ స్టీరింగు బిగుసుకుంటుంది.

బండి దారిలో ఆగిపోతే చక్రాల కింద రాళ్లు పెట్టి, బాగైపోయాక ఆ రాళ్లు రోడ్డు మీదే వదిలేసి పోవడం మన రోడ్ల మీద రోజూ చూసేదే. రాత్రి ఆ రాయికి తగిలి బైకుల మీది మనుషులు పడతారు. ఆయన తుమ్మచెక్కతో రెండు అడ్డుదిమ్మెలు చెక్కించి, వాటికి తాడు కట్టి, తాడు రెండో కొన బాడీ కొక్కేనికి బిగించారు. మరిచిపోయి కదిలినా అవి బండితోనే వస్తాయి. వెనక కొమ్మలు పెట్టడం కూడా అంతే: బండికి ఆనించి కాదు, కనీసం యాభై అడుగులు వేసి ఒకటి, అంతకు సగంలో ఇంకొకటి. వెళ్లేటప్పుడు ఆ కొమ్మలు ఏరి పొలం గట్టున పడేయాలి.

డీజిల్ అయిపోయి ఆగిన బండిలో డీజిల్ పోసినంత మాత్రాన స్టార్ట్ కాదు, పైపుల్లో గాలి చిక్కుకుంటుంది. ఫిల్టరు మీది స్క్రూ కాస్త వదులు చేసి, చేతిపంపు కొట్టాలి. ముందు బుడగలతో నురగ వస్తుంది. బుడగలు ఆగి శుభ్రమైన డీజిల్ ధారగా వచ్చాక, పంపు కొడుతూనే స్క్రూ బిగించాలి. ఇది తెలియని కుర్రవాళ్లు సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ కూడా పోగొట్టుకుంటారు. రాత్రిళ్లు ఎవరి బండి ఆగినా ఆయన ఆపి ఈ పని చేసి పెట్టేవారని ఆటోనగర్‌లో చాలామంది ఇప్పటికీ తలుస్తారు.

తిండి విషయానికి వస్తే, ఢాబాలో తినడం అరుదు. బండి పక్క పెట్టెలో పంపు స్టవ్వు, ఒక గిన్నె, పావుకిలో బియ్యం లెక్కన పొట్లాలు, ఉప్పు, కారం, చింతపండు, ఉల్లిగడ్డలు. అన్నం ఒక్కటి వండితే చాలు. రెండు పచ్చిమిరపకాయలు మంట మీద కాల్చి, చింతపండు రసంలో ఉప్పుతో నలిపి, ఉల్లిగడ్డ సన్నగా తరిగి వేస్తే పచ్చిపులుసు. పొయ్యి మీద పెట్టనక్కర్లేదు, కడుపులో బరువుండదు, నిద్ర రాదు. 2020 లాక్‌డౌన్‌లో సరుకు బండ్లకు అనుమతి ఉన్నా ఢాబాలు, మెకానిక్ షాపులు మూసి ఉన్నప్పుడు ఆ పెట్టె ఇద్దరు ముగ్గురు వేరే రాష్ట్రాల డ్రైవర్లకు కూడా అన్నం పెట్టింది.

నిద్ర దగ్గర ఆయన రాజీ పడలేదు. రాత్రి దారిలో ఉంటే రెండు నుంచి నాలుగున్నర మధ్య ఏ కిరాయికైనా బండి రోడ్డు పక్కన ఆగి ఉండాల్సిందే. టీ, తంబాకు, ముఖం కడగడం, ఇవేవీ నిద్రను ఆపవు, కాసేపు దాస్తాయి అంతే. ఇరవై నిమిషాలు పడుకుని లేస్తే తేడా తెలుస్తుంది. 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలే పని అనేది, ఐదు గంటలకోసారి కనీసం అరగంట విశ్రాంతి అనేది. ఆ చట్టాన్ని లారీ కిరాయి లెక్కల్లో ఎవరూ కలిపేవారు కాదు. 'పొద్దున ఆరింటికల్లా సరుకు దిగాలి' అనే ఫోను మాత్రమే కలిపేవారు. ఇది అన్యాయం. ఆయన మొదటే చెప్పేవారు: ఏడున్నరకు వస్తాను, ఇష్టమైతే ఎక్కించు. కొన్ని లోడ్లు అలా పోయాయి కూడా.

ఆయనది నోటుపుస్తకం లెక్క. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. బరువుతో లీటరుకు మూడున్నర నుంచి నాలుగు వస్తే దాదాపు 68 నుంచి 77 లీటర్లు. ట్యాంకు ఎప్పుడూ మూతిదాకా నింపి, మీటరు రాసుకుని, మళ్లీ మూతిదాకా నింపినప్పుడు భాగించేవారు. అర కిలోమీటరు తగ్గితే వెతుకులాట మొదలు: టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్, పట్టేసిన బ్రేకు, చివరికి ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు. ఈ వరస కూడా ఖర్చు తక్కువ నుంచి ఎక్కువకు. టైర్లకు విడిగా డబ్బు తీసేవారు. ఇరవై వేల టైరు ఎనభై వేల కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే కిలోమీటరుకు పావలా; పది టైర్లకు రెండున్నర రూపాయలు. విజయవాడ వెళ్లి వస్తే 540 కిలోమీటర్లకు 1,350 రూపాయలు డబ్బాలో పడాలి. ఇది లాభం కాదు, అరిగిపోయిన రబ్బరు ఖరీదు. సొంత బండి కొన్న చాలామంది మునిగేది ఈ డబ్బును లాభమనుకుని ఖర్చుపెట్టుకోవడం వల్లే.

కాగితాలు రెగ్జిన్ సంచిలో ఒక వరసలో ఉండేవి: ఆర్‌సీ, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, పర్మిట్, పొల్యూషన్, ట్యాక్సు. వేటి గడువు ఎప్పుడో అట్టముక్క మీద పెద్దగా రాసి క్యాబిన్‌లో అంటించారు. ఈ-వే బిల్లు (సరుకు తరలింపుకు జీఎస్టీ కింద తీసే పత్రం) వచ్చాక దాని గడువు కూడా అందులో చేరింది. మొదట్లో రోజుకు వంద కిలోమీటర్ల లెక్క, 2021 జనవరి నుంచి రెండు వందలు. బండి చెడిపోయి గడువు దాటేలా ఉంటే ముగియడానికి ముందు ఎనిమిది గంటల్లో గానీ తర్వాత ఎనిమిది గంటల్లో గానీ పొడిగించుకోవచ్చు. ఆ సంగతి గుర్తుపెట్టుకుని ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు ఫోను చేసి చేయించేవారు. చదువు పెద్దగా లేదు. లారీ లైసెన్సుకు ఎనిమిదో తరగతి కావాలన్న నిబంధన 2019లో తీసేశారు. అది ఉన్నన్నాళ్లూ చేతిలో పనున్న ఎంతమంది కుర్రవాళ్లు క్లీనర్లుగానే మిగిలిపోయారో ఆయన వేళ్ల మీద చెప్పేవారు.

ఇరుగుపొరుగు మనిషిగా ఆయన్ని తలవాలంటే వీధిలో ఇళ్లు మారిన రోజులు గుర్తొస్తాయి. డీజిల్ డబ్బులు తప్ప తీసుకునేవారు కాదు. బీరువాను క్యాబిన్ వైపు గోడకు నిలువుగా ఆనించి, తలుపు లోపలివైపుకు తిప్పి, బొంతలు అడ్డం పెట్టి కట్టాలి. ఫ్రిజ్ నిలువుగానే పోవాలి. పడుకోబెడితే కంప్రెసరులోని ఆయిల్ గొట్టాల్లోకి పాకుతుంది, ఒకవేళ పడుకోబెట్టాల్సి వస్తే దించి నిలబెట్టి కొన్ని గంటలు ఆగాకే ప్లగ్గు పెట్టాలి. బియ్యం డ్రమ్ము ఖాళీ చేయనక్కర్లేదు, అదే మిగతా సామాను కదలకుండా పట్టుకుంటుంది.

బతుకమ్మకు ముందు రోజుల్లో ఆయన బండి ఎటు నుంచి వచ్చినా పూలతో వచ్చేది. తంగేడు, గునుగు. నకిరేకల్ దాటాక రోడ్డు పక్క చెలకల్లో కోసేవారు. తంగేడు పొద్దు ఎక్కకముందే కోయాలి, పట్టా కింద వేస్తే వేడికి రేకులన్నీ రాలిపోతాయి, అందుకే క్యాబిన్‌లో తన సీటు వెనక పడక మీద పరిచి, తాను ఆ రోజు ఆ పడక వాడుకోకుండా వచ్చేవారు. గునుగుకు అంత నాజూకు లేదు. కాడలు తడి గోనెసంచిలో చుడితే రెండు రోజులైనా నిలుస్తుంది. వీధి ఆడవాళ్లందరికీ సమానంగా వదిన పంచేది.

చివరి ఏళ్లలో ఎడమ మోకాలు పోయింది. క్లచ్చు తొక్కే కాలు అది. కుడి ముంజేయి ఎడమదానికన్నా నల్లగా ఉండేది, కిటికీ ఎండకు. షుగర్ వచ్చింది, కళ్లకు శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్ అయ్యాక ఎదురు లైట్ల వెలుగు చిందినట్టు కనిపిస్తోందని తెలిసిన రోజు నుంచి రాత్రి బండి తీయలేదు. ఎవరూ చెప్పకుండా తనంతట తానే తాళం పక్కన పెట్టారు. ఆ తర్వాత పగటిపూట దగ్గరి లోడ్లు మాత్రమే, అవి కూడా కొన్ని నెలలే.

బండి అమ్మినప్పుడు కొనుక్కున్న కుర్రవాడు సంగారెడ్డి వైపువాడు. డబ్బులు లెక్కపెట్టాక తాళం ఇవ్వబోయి, వదిన లోపలికెళ్లి నోటుపుస్తకం తెచ్చింది. చివరి పేజీలో ఆయన చేతిరాత: ఎడమ వెనక లోపలి టైరు మార్చిన తేదీ, మీటరు అంకె, కింద 'నట్లు ఇంకోసారి' అని. దాని పక్కన గీత కొట్టి లేదు. అంటే బిగించలేదు. పానా తీసి బిగించాకే బండి కదలాలని ఆమె చెప్పింది. కుర్రవాడు కూర్చుని ఒక్కొక్కటి బిగించాడు. రెండు నట్లు అరచుట్టు తిరిగాయి. తర్వాత స్టార్ట్ చేసి, గేజీ వైపు చూస్తూ, తొక్కకుండా కూర్చున్నాడు.